కదిలింది చెయ్యా, మెషినా?

ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చిందంటే, నెల తిరిగేలోపు బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో దిగుతుంది. నల్లటి గ్లవ్, దాని వేళ్ల మీద సన్నటి గొట్టాలు, పక్కన చిన్న పెట్టె. బటన్ నొక్కగానే పడిపోయిన చెయ్యి పిడికిలి తెరుస్తుంది, మూస్తుంది, మళ్లీ తెరుస్తుంది. కింద ఎవరో ఒకరు అడుగుతారు: "బాబాయికి ఇది పెట్టిస్తే చెయ్యి వచ్చేస్తుందా?"

ఆ వీడియోలో కదులుతున్నది గ్లవ్. చెయ్యి దాని లోపల ఉంది కాబట్టి దాంతోపాటు కదులుతోంది. ఈ తేడా పట్టుబడితే రోబో ఫిజియోథెరపీ గురించి సగం తెలిసినట్టే. మిగతా సగంలోనే చిక్కంతా ఉంది. ఒక పెద్ద పరిశోధన మెషిన్ పనిచేస్తుందంటుంది, ఇంకో పెద్ద పరిశోధన మామూలు వైద్యం కంటే ఎక్కువేమీ లేదంటుంది. రెండూ నమ్మదగ్గవే. మధ్యలో రోగి కుటుంబం నలిగిపోతుంది.

రోబో అనగానే మనవాళ్లకి హైదరాబాద్ హోర్డింగుల మీది మోకాలి ఆపరేషన్లు గుర్తొస్తాయి. ఇది వేరే సంగతి. ఇక్కడ కోత లేదు, కుట్టు లేదు, మత్తు లేదు. మోటార్లూ సెన్సర్లూ ఉన్న ఒక యంత్రానికి చెయ్యి కట్టుకుని కూర్చుని కసరత్తు చెయ్యడమే.

"కాలు వచ్చింది, చెయ్యే రాలేదు"

పక్షవాతం వచ్చిన ఇళ్లలో మూడు నెలలయ్యేసరికి వినిపించే మాట ఇది. మనిషి కర్ర ఆసరాతోనో గోడ పట్టుకునో నాలుగడుగులు వేస్తుంటాడు. చెయ్యి మాత్రం ఒళ్లో పడి ఉంటుంది. ఫిజియో సరిగ్గా చేయించలేదేమోనని అనుమానం కూడా మొదలవుతుంది. చాలాసార్లు ఆ తప్పు ఫిజియోది కాదు, రక్తనాళానిది.

మెదడు పైపొరలో కదలికలకి ఆజ్ఞలిచ్చే ఒక పట్టీ ఉంది. అందులో ముఖానికీ చేతికీ సంబంధించిన చోటు మెదడు పక్కవైపున ఉంటుంది. కాలి చోటు పైనుంచి ఒంపు తిరిగి, రెండు అర్ధభాగాల మధ్య లోపలి గోడ మీదికి దిగుతుంది. స్ట్రోక్‌లో ఎక్కువగా మూసుకుపోయేది మెదడు పక్కభాగానికి రక్తం తీసుకెళ్లే మధ్య ధమని. లోపలి గోడకి రక్తమిచ్చేది వేరే ధమని. అందుకే చాలామందిలో కాలి కంటే చేతికి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇక ఆజ్ఞలు మోసుకెళ్లే నరాల తీగలన్నీ మెదడు లోపల ఒక ఇరుకు సందులోంచి కిందికి దిగుతాయి. ఆ సందులో గడ్డకట్టింది శనగగింజంతే అయినా చెయ్యీ కాలూ రెండూ ఒకేసారి పోవచ్చు. "స్కాన్‌లో చిన్నదే అన్నారు, మరి ఇంత నష్టమేంటి" అని అడిగేవాళ్లకి సమాధానం ఇదే.

ఇంకో కారణం పనుల్లోనే ఉంది. నడకలో ఎక్కువ భాగం పెద్ద కండరాల పని, అందులో కొంత వెన్నుపామే చూసుకుంటుంది. పైగా కాలికి ప్రత్యామ్నాయం లేదు, మంచం దిగాలంటే దాని మీద బరువు వెయ్యాల్సిందే. చేతి సంగతి అలా కాదు. ఒక్కో వేలూ విడిగా కదలాలంటే మెదడు నుంచి నేరుగా వచ్చే తీగలు కావాలి. పైగా బాగున్న రెండో చెయ్యి పక్కనే ఉంది. లుంగీ ముడి దగ్గర్నుంచి ఫోన్ ఎత్తడం దాకా అదే చూసుకుంటుంది. పడిపోయిన చేతిని మెదడు మెల్లగా మర్చిపోతుంది. అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ దీన్ని కోతుల్లో గమనించి, వాడకపోవడం కూడా ఒక అలవాటుగా నేర్చుకోబడుతుందని చెప్పాడు. దానికి ఆయన విరుగుడు మొరటుగా ఉంటుంది: బాగున్న చేతికి మిట్టెన్, అంటే వేళ్లు విడివిడిగా లేని గ్లవ్ తొడిగేసి, రెండు వారాలపాటు రోజూ కొన్ని గంటలు బలహీనమైన చేతితోనే పనులు చేయించడం. 2006లో 222 మందితో అచ్చయిన ఒక ట్రయల్‌లో అది బాగా పనిచేసింది. కానీ దానికి ఒక షరతుంది. మణికట్టూ కొన్ని వేళ్లూ కనీసం 10 డిగ్రీలైనా పైకి లేవాలి. ఆ మాత్రం కదలిక కూడా లేనివాళ్ల సంగతేంటి? రోబోల మీద ఆశ పుట్టింది ముఖ్యంగా వాళ్ల కోసమే.

స్ట్రోక్ తర్వాత చెయ్యి మొదట మెత్తగా వేలాడుతుంది. తర్వాత కొన్ని వారాల్లో చాలామందికి బిగుసుకుపోవడం మొదలవుతుంది. కదలిక తిరిగి వస్తున్నప్పుడు అదొక గంపగుత్త బేరంలా వస్తుంది. చెయ్యి లేపమంటే భుజం పైకెక్కుతుంది, మోచెయ్యి ముడుచుకుంటుంది, పిడికిలి బిగుస్తుంది, అన్నీ ఒక్కసారే. వీటిని విడదీయడమే అసలు పని. కంచంలో పప్పన్నం కలుపుకోవడం సంగతే చూడండి. చెయ్యి ముందుకి చాపుతూనే పిడికిలి తెరవాలి. అరచెయ్యి కిందికి తిప్పాలి. నాలుగు వేళ్లూ కలిసి మెతుకుల్ని దగ్గరికి లాగాలి. ముద్ద కట్టాక అరచెయ్యి పైకి తిరగాలి, మోచెయ్యి ముడవాలి, చివర్లో బొటనవేలు ముద్దని నోట్లోకి నెట్టాలి. స్పూనుతో తినేవాడికి వీటిలో సగం అక్కర్లేదు. మన భోజనం చేతికి పెద్ద పరీక్షే.

ముప్ఫై రెండు సార్లు

అమెరికా, కెనడాల్లో పరిశోధకులు 312 థెరపీ సెషన్లలో దగ్గర కూర్చుని, రోగి ఎన్నిసార్లు చెయ్యి కదిపాడో లెక్కపెట్టారు. ఆ లెక్కలు 2009లో అచ్చయ్యాయి. చేతి మీద పనిచేసిన సెషన్లలో కూడా దాదాపు సగంలోనే పనికొచ్చే కదలికలు, అంటే వస్తువు అందుకోవడం, పట్టుకోవడం లాంటివి చేయించారు. అలాంటి సెషన్‌కి సగటున 32 సార్లు. ఇక దెబ్బతిన్న మెదడు తన పటాన్ని మళ్లీ గీసుకుంటుందని నిరూపించిన జంతువుల ప్రయోగాల్లోనైతే, ఎలుకలూ కోతులూ రోజుకి వందలసార్లు ఆహారం కోసం చెయ్యి చాపేవి.

32కీ వందలకీ మధ్య ఉన్న ఈ ఖాళీయే రోబోకి చోటిచ్చింది. ఫిజియోథెరపిస్ట్ సోమరితనం అనుకోకండి. బరువైన, బిగుసుకున్న చేతిని ఒక మనిషి గంటలో మూడొందల సార్లు మోయలేడు, మోస్తే ముందు అతని నడుము పోతుంది. మన దగ్గర చాలా క్లినిక్కుల్లో అరగంట సెషన్‌లో కరెంటు పెట్టడానికి పది నిమిషాలు, వేడి కాపడానికి పది నిమిషాలు పోతాయి. మిగిలిన టైములో రోగి గోడ గడియారం చూస్తుండగా థెరపిస్టే చేతిని అటూ ఇటూ తిప్పుతాడు. కీలు బిగుసుకోకుండా ఉండటానికి అది అవసరమే. కానీ మెదడుకి అందులో నేర్చుకునేదేమీ పెద్దగా లేదు.

పలక మీద చెయ్యి పట్టి రాయించడం

అమెరికాలోని ఎంఐటీలో నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ 1989లో ఒక యంత్రం మీద పని మొదలుపెట్టారు. పేరు ఎంఐటీ మానుస్. లాటిన్‌లో మానుస్ అంటే చెయ్యి. చమత్కారమేంటంటే మొదటి మానుస్ వేళ్ల జోలికే పోలేదు, దాని పనంతా భుజం, మోచేతుల మీదే. రోగి బల్ల ముందు కూర్చుంటాడు, ముంజేతిని ఒక దోనెలాంటి దాంట్లో పెట్టి కడతారు, గుప్పిట్లో హ్యాండిల్ ఉంటుంది. ఎదురుగా స్క్రీన్ మీద మధ్యలో ఒక చుక్క, చుట్టూ గడియారం అంకెల్లా ఎనిమిది చుక్కలు. మధ్య నుంచి ఒక్కో చుక్క దగ్గరికి వెళ్లి తిరిగి రావాలి. 1994 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని బర్క్ పునరావాస ఆసుపత్రిలో దీన్ని స్ట్రోక్ రోగుల మీద పరీక్షించారు.

చూడటానికి పాతకాలం వీడియో గేములా ఉంటుంది. గొప్పతనమంతా లోపల ఉంది. కార్ల ఫ్యాక్టరీలో రోబో చెయ్యి ఎవడు అడ్డొచ్చినా తన దారిన తాను పోతుంది. దానికి మనిషి చెయ్యి కడితే విరిగిపోతుంది. మానుస్‌ని దానికి పూర్తి వ్యతిరేకంగా తయారుచేశారు. మోటార్ ఆపితే చిటికెన వేలితో నెట్టినా కదిలిపోయేంత తేలిక. మోటార్ పెడితే స్ప్రింగులా ప్రవర్తిస్తుంది: రోగి దారిలో వెళ్తుంటే తాకను కూడా తాకదు, దారి తప్పితే మెత్తగా లోపలికి నెడుతుంది, ఆగిపోతే కొద్ది క్షణాలు చూసి అప్పుడు చెయ్యందిస్తుంది.

ఇది మనకి తెలియని సంగతేమీ కాదు. అక్షరాభ్యాసం రోజు పళ్లెంలో బియ్యం పోసి, పిల్లాడి వేలు పట్టుకుని పంతులుగారు "ఓం నమః శివాయ" రాయిస్తారు. పిల్లాడు ఫోటోగ్రాఫర్ వైపు చూస్తుంటాడు. అక్షరాలు పడతాయి, పిల్లాడికి మాత్రం ఒక్కటీ రాదు. తర్వాత బళ్లో టీచర్ పలక మీద చెయ్యి పట్టుకుంటుంది. మొదటి రెండు గీతలు తనే గీయించి, మూడోదానికి పట్టు సడలిస్తుంది, పిల్లాడు వంకర పోతుంటే చిన్నగా సరిచేస్తుంది. వాట్సాప్ వీడియోలో గ్లవ్ చేసేది పంతులుగారి పని. మానుస్ చెయ్యాలనుకున్నది టీచరమ్మ పని.

సాయం ఎక్కువైతే ఏమవుతుందో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖలో డేవిడ్ రైన్‌కెన్స్‌మాయర్ బృందం గమనించింది. రోబో ఎంత మోస్తే రోగి శరీరం తన శ్రమని అంత తగ్గించుకుంటుంది. రోగికి ఆ సంగతి తెలియకుండానే జరిగిపోతుంది, ఇందులో బద్ధకం లేదు. తక్కువ శ్రమతో పని గడుస్తుంటే శరీరం ఎక్కువ ఖర్చు పెట్టదు. అందుకే మంచి యంత్రాల్లో రోగి మెరుగవుతున్నకొద్దీ సాయం దానంతటదే తగ్గుతూ పోయే ఏర్పాటు ఉంటుంది. స్క్రీన్ మీద వంద శాతం స్కోరు చూసి కుటుంబం చప్పట్లు కొడుతుంది కానీ, ఆ వందలో మెషిన్ వాటా ఎంతో చెప్పే అంకె ఇంకోటి ఉంటుంది. అడగాల్సింది దాని గురించి.

మానుస్ లాంటివి చేతి చివర్ని మాత్రమే పట్టుకుంటాయి, భుజం ఎలా తిరుగుతోందో వాటికి పట్టదు. రెండో రకాన్ని ఎక్సోస్కెలిటన్ అంటారు, చేతికి బయట తొడిగిన ఎముకల గూడు లాంటిది. భుజం, మోచెయ్యి, మణికట్టు ఒక్కోదాని దగ్గరా ఒక్కో మోటార్. స్విట్జర్లాండ్‌లో జూరిక్ ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ రీనర్ బృందం చేసిన ఆర్మిన్ ఈ కోవలోది. దాని వారసుడే ఆసుపత్రుల్లో కనిపించే ఆర్మియో పవర్. ఇవి కాక అసలు మోటారే లేని రకం కూడా ఉంది: స్ప్రింగులు చేతి బరువు మోస్తాయి, కదపాల్సింది పూర్తిగా రోగే. నాకు ఈ మూడో రకం మీద కొంచెం పక్షపాతం ఉంది. మెషిన్ కదుపుతుందేమోనన్న అనుమానానికే అక్కడ తావు లేదు, ధరా తగ్గుతుంది.

వేళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇంజనీర్లకి చెమటలు పడతాయి. చేతిలో 27 ఎముకలు, వాటి మధ్య అన్ని కీళ్లు, అంత ఇరుకు చోటు. ప్రతి కీలుకీ మోటార్ పెడితే అది చెయ్యిలా ఉండదు, బరువులా ఉంటుంది. అందుకే ఎవరి దారి వాళ్లు వెతుక్కున్నారు. ఆస్ట్రియాలో తయారయ్యే అమేడియో వేళ్ల చివర్లని అయస్కాంతాలతో పట్టుకుని ముందుకీ వెనక్కీ జరుపుతుంది. హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో పుట్టిన హ్యాండ్ ఆఫ్ హోప్ ముంజేతి కండరాల్లో వచ్చే సన్నటి విద్యుత్ సంకేతం కోసం కాచుకుని ఉంటుంది. వేలు కదలకపోయినా, కదపాలని కండరం కాస్త ఉలిక్కిపడితే చాలు, అప్పుడు మోటార్ పని మొదలుపెడుతుంది. 2021లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన ఇప్సీహ్యాండ్ ఇంకా పైకి వెళ్లింది. తలకి పెట్టుకున్న హెడ్‌సెట్ మెదడు తరంగాలు చదువుతుంది, అదీ దెబ్బ తగలని వైపు నుంచి. చెయ్యి తెరవాలన్న ఉద్దేశం అక్కడ కనిపిస్తే గ్లవ్ తెరుచుకుంటుంది. ముందు ప్రయత్నం, తర్వాతే కదలిక అనే వరస మాత్రం ఈ చివరి రెండిటిలో తప్పదు.

నాలుగు పరిశోధనలు

ఇప్పుడు చిక్కుముడి దగ్గరికి వద్దాం.

2010లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 127 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. స్ట్రోక్ వచ్చి కనీసం ఆరు నెలలైనవాళ్లు, చాలామందికి ఏళ్లే గడిచాయి. కొందరికి మానుస్ రోబోతో 12 వారాల్లో 36 సెషన్లు. కొందరికి అన్నే సెషన్లు, అంతే తీవ్రతతో, కానీ మనిషి చేయించాడు. మిగతావాళ్లకి మామూలు వైద్యం. చేతి కదలికని 66కి మార్కులు వేసే ఫ్యూగిల్ మేయర్ అనే పరీక్షతో కొలిచారు. 12 వారాలకి రోబో వాళ్లు మామూలు వైద్యం కంటే సుమారు 2 మార్కులు ముందున్నారు, గణాంకాల ప్రకారం అది లెక్కలోకి రాని తేడా. 36 వారాలకి తేడా 3 మార్కుల దాకా పెరిగి లెక్కలోకి వచ్చింది. ఇక మనిషి చేయించిన తీవ్రమైన థెరపీకీ రోబోకీ మధ్య తేడా సున్నాకి దగ్గర.

2014లో ఆర్మిన్‌ని స్విట్జర్లాండ్‌లో 77 మందితో పరీక్షించారు. అంతే సమయం మామూలు థెరపీ చేసినవాళ్ల కంటే రోబో వాళ్లు ముందున్నారు. ఎంత? 66లో 0.78 మార్కు. గణాంకాల్లో గెలుపే. కానీ ఏళ్లుగా పక్షవాతంతో ఉన్న మనిషికి తన చేతిలో మార్పు తెలియాలంటే 5 మార్కుల చుట్టుపక్కల రావాలని వైద్యులు చెప్పుకుంటారు.

2018లో, వైద్య పరిశోధనల్ని కలిపి తూచి చెప్పే కాక్రేన్ సంస్థ 45 ట్రయల్స్‌ని, 1,619 మంది రోగుల ఫలితాల్ని కలిపి చూసింది. చేతి పని, బలం, రోజువారీ పనులు మూడూ రోబో థెరపీతో మెరుగవుతాయని తేల్చింది. అమ్మేవాళ్ల బ్రోషర్లలో కనిపించేది ఈ వాక్యమే. ఆ మెరుగు రోగి జీవితంలో ఎంత లెక్కకొస్తుందో స్పష్టంగా లేదని అదే సమీక్ష అన్న మాట మాత్రం బ్రోషర్‌లో ఉండదు.

తర్వాతి ఏడాది, 2019లో, బ్రిటన్ నుంచి రాటుల్స్ అనే ట్రయల్ వచ్చింది. ఇంతవరకు ఈ విషయం మీద జరిగినవాటిలో చాలా పెద్దది, 770 మంది. మళ్లీ మానుసే. వారానికి మూడుసార్లు, 45 నిమిషాలు, 12 వారాలు. కానీ ఈసారి ముఖ్యంగా కొలిచింది వేరు: చెక్కముక్క ఎత్తగలరా, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు వంచగలరా, గోళీ పట్టుకోగలరా. మూడు నెలలకి అనుకున్నంత మెరుగైనవాళ్లు రోబో గుంపులో 44 శాతం, మనిషి చేయించిన అదనపు థెరపీలో 50 శాతం, మామూలు వైద్యంలో 42 శాతం. ఈ తేడాలేవీ గణాంకాల్లో నిలబడలేదు. పెట్టిన ఖర్చుకి తగ్గ ఫలితమూ కనిపించలేదు. అయితే ఇదే ట్రయల్‌లో ఫ్యూగిల్ మేయర్ మార్కులు మాత్రం మామూలు వైద్యం కంటే రోబో వాళ్లకి మెరుగ్గా వచ్చాయి.

చిక్కు విడిపోయేది ఈ చివరి వాక్యం దగ్గరే. రెండు పరీక్షలు రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నాయి. ఒకటి చెయ్యి కదులుతోందా అని, రెండోది చెయ్యి పనికొస్తోందా అని. బల్ల మీద హ్యాండిల్ పట్టుకుని చుక్క నుంచి చుక్కకి వెళ్లడం వందలసార్లు సాధన చేసినవాడికి భుజం, మోచెయ్యి బాగా కదులుతాయి. ఆ కదలిక దానంతటదే గ్లాసు పట్టుకునే నేర్పుగా మారదు. మధ్యలో ఇంకో మెట్టుంది, ఆ మెట్టు ఎక్కించేది థెరపిస్టో, ఇంట్లోవాళ్లో. సైకిల్ స్టాండ్ వేసి ఎంత తొక్కినా కాళ్లకి బలం వస్తుంది కానీ సైకిల్ రాదు కదా.

రెండో సంగతి పోలిక ఎవరితో అన్నది. మనిషీ మెషినూ అంతే తీవ్రతతో చేయిస్తే ఫలితం ఇంచుమించు ఒకటే. దీన్ని రోబో ఓటమిగా రాసినవాళ్లున్నారు. నాకు మాత్రం ఇందులో రోబో విలువే కనిపిస్తుంది, దేశాన్ని బట్టి. వారానికి మూడుసార్లు ముప్పావుగంట ఒక థెరపిస్ట్ పూర్తిగా మన చేతి మీదే కూర్చునే చోట రోబో అనవసరం. అలా కూర్చునే థెరపిస్ట్ దొరకని చోట, ఒక్కరే నలుగురు రోగుల్ని చూడాల్సిన చోట, మనిషికి సమానంగా పనిచేసే మెషిన్ ఉందంటే అది చిన్న విషయం కాదు. ఆ లెక్క తేలాలంటే మెషిన్ ధర మాత్రం తగ్గాలి.

ఎప్పుడు, ఎవరికి

తిరిగి వచ్చే కదలికలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే వస్తుంది. వాషింగ్టన్‌లో 72 మందితో చేసి, 2021లో అచ్చయిన ఒక ట్రయల్‌లో 20 గంటల అదనపు సాధనని కొందరికి మొదటి నెలలో, కొందరికి రెండు మూడు నెలల మధ్య, ఇంకొందరికి ఆరు నెలల తర్వాత ఇచ్చారు. అందరికంటే ఎక్కువ లాభపడింది రెండు మూడు నెలల గుంపు. మొదటి నెలవాళ్లకి కూడా మేలు జరిగింది. ఆరు నెలలు దాటినవాళ్లకి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్నిబట్టి ఆరు నెలల తర్వాత తలుపులు మూసుకుపోతాయని అనుకోకూడదు. మాజీ సైనికుల ట్రయల్‌లో ఏళ్లు గడిచినవాళ్లు కూడా కొంత మెరుగయ్యారు. కానీ తర్వాత అదే మెరుగుకి ఎక్కువ చెమటోడ్చాలి. మన దగ్గర జరిగేది సరిగ్గా తిరగబడి ఉంటుంది. మొదటి మూడు నెలలు నాటు మందులకీ, మాలిష్‌లకీ, "రెస్ట్ తీసుకోనివ్వండి" అనే సలహాలకీ పోతాయి. ఏడాది గడిచాక, ఏదీ పనిచెయ్యక, అప్పు చేసి రోబో సెంటర్‌కి వెళ్తారు.

చెయ్యి కొంచెం కూడా లేవనివాళ్లకీ, లేచినా బరువు ఆగనివాళ్లకీ రోబో ఎక్కువ ఉపయోగం. సొంతంగా సాధన మొదలుపెట్టే దారి వాళ్లకి వేరే లేదు. ఇప్పటికే గ్లాసు పట్టుకోగలుగుతున్న మనిషికి మెషిన్ కంటే ఇంట్లో గ్లాసే మేలు. భుజం కీలు జారి నొప్పి ఉంటే ముందు దాని సంగతి చూడాలి. అసలు పడిపోయిన చేతిని పట్టి లాగి లేపడం వల్లే చాలామందికి ఈ భుజం నొప్పి మొదలవుతుంది, మంచం మీంచి లేపేటప్పుడు ఇంట్లోవాళ్లు చేసే పొరపాటు ఇది. వేళ్లు గట్టిగా బిగుసుకుపోతే బోటాక్స్ సూదులతో సడలించాక మెషిన్ పెడతారు. చేతికి స్పర్శ పోయినవాళ్లు పట్టీల కింద చర్మం ఒరుసుకుపోయినా చెప్పలేరు, చూసుకోవాల్సింది మనమే.

మన దగ్గర

ధర తగ్గించే ప్రయత్నాలు మన దేశంలోనూ జరుగుతున్నాయి. ఢిల్లీ ఐఐటీ, ఎయిమ్స్ కలిసి మణికట్టుకీ వేళ్లకీ ఎక్సోస్కెలిటన్ చేసి రోగుల మీద పరీక్షించాయి. నాకు ఎక్కువ నచ్చింది వెల్లూరు సీఎంసీ, మద్రాస్ ఐఐటీ కలిసి చేసిన ప్లూటో. మన రాయలసీమ నుంచి వైద్యం కోసం రోజూ జనం రైలెక్కే వెల్లూరే. ప్లూటోలో ఉన్నది ఒకే ఒక్క మోటార్. మిక్సీకి జార్లు మార్చినట్టు దానికి హ్యాండిళ్లు మార్చుకోవాలి. ఒకటి పెడితే మణికట్టు కసరత్తు, ఇంకోటి పెడితే ముంజేతిని అటూ ఇటూ తిప్పడం, మరోటి పెడితే గుప్పిట తెరిచి మూయడం. ఒకేసారి అన్నీ చెయ్యదు. బల్ల మీద పట్టేంతే ఉంటుంది కాబట్టి చిన్న ఆసుపత్రికీ, ఇంటికీ కూడా చేరగలదు. పప్పన్నం కలిపే చేతికి కావలసినవి కూడా ఇంచుమించు ఈ కదలికలే. హైదరాబాద్ ఐఐటీ ప్రోత్సాహంతో పైకొచ్చిన బీఏబుల్ హెల్త్ అనే స్టార్టప్ ఆర్మేబుల్ పేరుతో ఆటలాడిస్తూ చేతి కసరత్తు చేయించే పరికరం తెచ్చింది.

ఖర్చు సంగతి చెప్పుకోవాలి. చాలా ఆరోగ్య బీమా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. ఓపీలో చేయించుకునే ఫిజియోథెరపీ చేతి డబ్బే. రోబో సెషన్ అంటే మామూలు సెషన్ కంటే ఇంకాస్త ఎక్కువే. అందుకే ప్యాకేజీకి సంతకం పెట్టే ముందు కొన్ని మాటలు అడిగి తెలుసుకోవాలి. సెషన్‌లో రోగి సొంతంగా ఎన్నిసార్లు ప్రయత్నిస్తాడు? మెషిన్ సాయం ఎంత శాతంతో మొదలైంది, పది సెషన్ల తర్వాత ఎంతకి తగ్గింది? మెషిన్ దిగాక గ్లాసు, బొత్తాం, తాళంచెవి లాంటి వస్తువులతో సాధన ఉంటుందా, లేక పట్టీలు విప్పి ఇంటికి పంపేస్తారా? మొదటి రోజు పరీక్ష చేసి మార్కులు రాసి పెడతారా? ఈ ప్రశ్నలకి విసుక్కునే చోట మెషిన్ ఎంత మెరుస్తున్నా నేనైతే డబ్బు కట్టను.

కుటుంబమే ఇంట్లో చేయిస్తే సరిపోదా? దీన్ని కూడా మన దేశంలోనే పెద్ద ఎత్తున పరీక్షించారు. అటెండ్ అనే ట్రయల్‌లో 14 కేంద్రాల్లో 1,250 మంది రోగుల్ని తీసుకుని, సగం కుటుంబాలకి థెరపిస్టులు శిక్షణ ఇచ్చి ఇంట్లో చేయించమన్నారు. 2017లో ఫలితాలొచ్చాయి. ఆరు నెలలకి చనిపోయినవాళ్లూ ఇతరుల మీద ఆధారపడినవాళ్లూ రెండు గుంపుల్లోనూ 47 శాతమే. కుటుంబాల ప్రేమలో లోపం లేదు. కానీ కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి ఇంటిమీదికి వదిలేస్తే చాలదని తేలింది. మనిషి ఒక్కడే చాలని చోట మెషిన్, మెషిన్ ఒక్కటే చాలని చోట మనిషి. మధ్యలో ఎంత పాలు ఏది అన్నది ఇంకా తేలుతూనే ఉంది.

ఇంతకీ ఆ వాట్సాప్ గ్లవ్ ఎవరో ప్రేమగా ఆన్‌లైన్‌లో కొని పంపించేశారనుకోండి. పారెయ్యక్కర్లేదు, వేళ్ల కీళ్లు బిగుసుకోకుండా ఉండటానికి కొంత పనికొస్తుంది. ముందు ఫిజియోకి చూపించండి, వేళ్లు మరీ బిగుసుకుని ఉంటే అది బలవంతంగా లాగి నొప్పి చేస్తుంది. వాడొచ్చంటే, టీవీ చూస్తూ అరగంట దానంతట దాన్ని ఆడనివ్వకండి. టీవీ ఆపండి. చెయ్యి ఆయన కళ్లెదురుగా బల్ల మీద పెట్టండి. "బాబాయ్, ముందు నువ్వు తెరువు" అనండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. చిటికెన వేలు ఒక్క పిసరు కదిలినా, కదలకపోయినా, అప్పుడు నొక్కండి బటన్.